రేణుకాదేవి తీగ బట్టీ

ఆత్మకూరు బజారులో ఇనుప సామాన్ల కొట్లు చాలానే ఉన్నాయి గానీ, మేస్త్రీలకు గురి కుదిరింది మాత్రం పెంచలప్రసాద్ కొట్టు మీదే. మేకులు, గొళ్ళేలు, కమ్మీలు, కమ్మీలను కలిపి కట్టే తీగ, ఏది కావాలన్నా ఇల్లు కట్టేవాడు ఆ గడప తొక్కాల్సిందే. పెంచలప్రసాద్ తమ్ముడు మాధవ్ భార్యగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది రేణుకాదేవి.

ఆమె పుట్టిల్లు ఉదయగిరి. కోట కొండ కింద వాళ్ళ నాయన చిల్లర కొట్టు నడిపేవాడు. చిన్నతనంలో ఒకసారి ఆయన పురుగు పట్టిన కందిపప్పును కొత్త పప్పులో కలిపి గంపకెత్తితే, ఈ పిల్ల కొట్టు ముందు నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకూ "ఇందులో పాత పప్పు కలిపినాం, చూసుకొని తీసుకోండి" అని చెప్పింది. నాయన అరిచాడు, చెయ్యెత్తాడు. పిల్ల కదలలేదు. చివరికి ఆ పప్పంతా ఎద్దులకు దాణా అయింది. పెళ్ళిచూపుల్లో ఆ ముచ్చట చెప్పుకొని రెండు వైపులవాళ్ళూ నవ్వుకున్నారు. ఆ నవ్వు పెళ్ళయ్యాక కూడా చాలాకాలమే నిలిచింది.

మాధవ్ మెతక మనిషి. మోటారు సైకిలు మీద వింజమూరు, కలిగిరి తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడు. కొట్లో గల్లా దగ్గర పెంచలప్రసాద్ కూర్చునేవాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు రేణుకాదేవి వచ్చి సరుకు తూచి ఇచ్చేది. బావగారి ఎదుట నోరెత్తి మాట్లాడటం ఆ ఇంటి ఆనవాయితీ కాదు. ఆమె కూడా ఏదైనా చెప్పాలంటే మాధవ్‌తోనే చెప్పించేది.

ఆ ఆనవాయితీ కొండలయ్య వచ్చిన రోజున పోయింది.

కొండలయ్య వింజమూరు వైపు మనిషి. కమ్మీలు వంచి, కట్టి, స్తంభాలకూ శ్లాబులకూ చట్రాలు అల్లడం అతని పని. ఏళ్ళ తరబడి ఆ కొట్టు తీగే వాడుతున్నాడు. ఆ వేళ అతను ఎడమ కంటికి కట్టుతో వచ్చి, చేతిలో ఉన్న తీగ ముక్కను గల్లా బల్ల మీద పడేశాడు.

"ఇది మీ కొట్టు తీగే కదా?"

పెంచలప్రసాద్ తలెత్తి చూశాడు. "అయ్యుండొచ్చు. ఏమైంది ఇప్పుడు?"

"మెలి తిప్పతా ఉంటే పుటుక్కున తెగి కొన కంట్లో పొడుచుకున్నాది. నెల్లూరు పొయినాం. ఇంక ఈ కన్ను రాదన్నారు."

"అయ్యో పాపం. అయినా కొండలయ్యా, తీగ మేమేమన్నా చేస్తామా? వచ్చింది అమ్ముతాం. బలంగా తిప్పితే ఏ తీగయినా తెగతది. పని చూసుకొని చేసుకోవద్దా?"

కొట్లో గిరాకీ నిండుగా ఉంది. మధ్యాహ్నపు అన్నం క్యారేజీ పట్టుకొని అప్పుడే లోపలికొచ్చిన రేణుకాదేవి క్యారేజీ కింద పెట్టి, బల్ల మీది తీగ అందుకుంది. రెండు కమ్మీ ముక్కలు అడ్డంగా పెట్టి, తీగ చుట్టి, కట్టే కొక్కెంతో తిప్పింది. ఒక మెలిక పడింది. రెండో మెలికకు తీగ తెగి నేల మీద టింగుమని పడింది. వెనకున్న కొత్త చుట్టలోంచి మరో ముక్క తెంచి తిప్పింది. అదీ అంతే.

"బావగారూ," అంది ఆమె, అందరూ వినేలాగా, "తీగ పెళుసుగా ఉండాది. ఈయన చేతిలో తప్పు లేదు. మనం అమ్మిందాన్లో ఉండాది."

పెంచలప్రసాద్ ముఖం కందగడ్డయింది. కొండలయ్య మాత్రం ఆమెకేసి మెచ్చుకోలుగా ఏమీ చూడలేదు. "తప్పు మీదైతే నాకు కన్నొస్తదా?" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో రభస జరిగింది.

"పది మంది ముందర ఇంటి పరువు తీసినావు," అన్నాడు పెంచలప్రసాద్.

"కన్ను పొయినోడి ముందర మన పరువు యాడుంటది బావగారూ?"

మాధవ్ తల వంచుకొని కూర్చున్నాడు. భార్య అన్న ముందు అలా మాట్లాడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

ఆ తీగ సరఫరా చేసేవాడు కోటేశ్వర్. నెల్లూరు అవతల అతనికి తీగ లాగే షెడ్డు ఉంది. మరుసటి వారం అతను కొట్టుకు వచ్చినప్పుడు రేణుకాదేవి తెగిన ముక్కలు ముందు పెట్టి, "లాగినాక దీన్ని ఎంత వేడిలో, ఎంతసేపు కాలస్తారు?" అని అడిగింది. కోటేశ్వర్ పెంచలప్రసాద్ వైపు తిరిగి నవ్వాడు. "పప్పెంతసేపు ఉడకాలో ఆడోళ్ళకు తెలుసు. ఇనుము సంగతి మాకు వదిలెయ్‌మను." ఇద్దరూ కలిసి నవ్వారు.

రేణుకాదేవి నవ్వలేదు. ఎవరిని అడిగితే తెలుస్తుందా అని ఆలోచించింది. ఆ రోజుల్లో చాందిని అనే ఆమె ఊళ్ళో ఇల్లు కట్టుకుంటూ కొట్టుకు తరచు వచ్చేది. పాలిటెక్నిక్‌లో లోహాల పాఠం చెప్పే మేడం. ఆమెకు సంగతంతా చెబితే, "ముక్కలు తీసుకొని కాలేజీకి రండి. నేను పుస్తకంలో చెప్పేదే గానీ, ఊళ్ళో అమ్మే తీగను నేనూ ఎప్పుడూ పరీక్షించి చూళ్ళేదు," అంది.

కాలేజీలో తీగ ముక్కను అద్దంలాగా అరగదీసి, మందు రాసి, మైక్రోస్కోపు కింద పెట్టారు. రేణుకాదేవి వంగి చూసింది. జొన్న దంటును చీలిస్తే కనబడే పీచులాగా, అన్నీ ఒకే వైపుకు సాగిన గీతలు.

"ఆ గీతలే ఇనుములో ఉండే రేణువులు," అంది చాందిని. "లావు కడ్డీని సన్న కంతలోంచి లాగి లాగి తీగ చేస్తారు. లాగినకొద్దీ రేణువులు ఇట్టా సాగి బిగుసుకపోతాయి. అందుకే తీగ గట్టిపడి పెళుసుగా ఉంటుంది. సరైన వేడిలో పెడితే ఆ సాగిన వాటి చోట కొత్త రేణువులు పుడతాయి. గుండ్రంగా, ఏ బిగువూ లేకుండా. అప్పుడు తీగ మెత్తబడి, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది."

"మరి దీన్ని కాల్చలేదా? నల్లగానే ఉండాదే?"

"కాల్చినారు. చాలినంత కాల్చలేదు. ఐదు వందల డిగ్రీలకు అటూ ఇటూ ఆపేస్తే పైకి నల్లబడుతుంది, లోపలి పీచు పీచుగానే ఉంటుంది. కట్టెలు మిగుల్తాయి వాళ్ళకి. ఏడు వందల దగ్గరికి తీసుకపోయి, చుట్ట లోపలిదాకా ఆ వేడి పట్టేంతసేపు నిలపాలి. తర్వాత గాలి తగలకుండా నిదానంగా చల్లారనియ్యాలి."

"ఇంకా ఎక్కువ కాలస్తే ఇంకా మెత్తనవుతాదా?"

చాందిని తల అడ్డంగా ఊపింది. "అక్కడే మోసం. తొమ్మిది వందలు దాటిస్తే రేణువులు ఒకదాన్నొకటి మింగి పటికబెల్లం గడ్డల్లాగా లావవుతాయి. తీగ మెత్తగానే ఉంటుంది, సత్తువ ఉండదు. పైన పెచ్చులు కూడా లేస్తాయి. ఇనుము ఒకటే, వేడిని బట్టి దాని గుణం మారిపోతుంది."

బస్సులో తిరిగి వస్తుంటే రేణుకాదేవికి చెప్పలేనంత కోపం వచ్చింది. నాలుగు కట్టెలు మిగుల్చుకోవడానికి ఒక మనిషి కన్ను తీశారు. ఆ చుట్టలు ఇంకా గోడౌనులో కప్పు దాకా ఉన్నాయి.

ఆమె కొట్టు చేరేసరికి గోడౌను ముందు ఆటో ఆగి ఉంది. ఆత్మకూరులో కొండలయ్య కన్ను సంగతి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని పెంచలప్రసాద్ ఆ చుట్టలను కలువాయి, కలిగిరి కొట్లకు తోలేయబోతున్నాడు. హమాలీ మొదటి చుట్ట భుజానికెత్తాడు. రేణుకాదేవి అతని చేతిలోంచి చుట్ట దింపించి, గోడౌను తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"ఏందిది?" అన్నాడు పెంచలప్రసాద్.

"కలువాయిలో మాత్రం మనుషులకు కండ్లు ఉండవా బావగారూ? ఒక్క చుట్ట కూడా గడప దాటదు."

"తియ్యి తాళం!"

"తియ్యను."

బజారు బజారంతా చూస్తోంది. పెంచలప్రసాద్ తమ్ముడి వైపు తిరిగాడు. "రేయ్, నీ పెళ్ళానికి చెప్పుకోరా." మాధవ్ అన్న ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు, తర్వాత ఆటోవాడి దగ్గరికి పోయి, "నువ్వు పోబ్బయా, ఈరోజు లోడు లేదు," అన్నాడు. అతని జీవితంలో అన్న మాటకు ఎదురు నడవడం అదే మొదలు.

"సరే," అన్నాడు పెంచలప్రసాద్ పళ్ళు కొరుకుతూ. "అంత తెలిసిందానివి గదా, నువ్వే కాల్చుకో. ఆ తీగ మెత్తబెట్టి చూపించు. చేతగాకపోతే మళ్ళా ఈ కొట్టు మెట్టెక్కొద్దు."

"కాలస్తా," అంది రేణుకాదేవి.

నోటి నుంచి మాట వచ్చాక గానీ తనకు నిప్పు సంగతి ఏమీ తెలియదని ఆమెకు గుర్తు రాలేదు. వంటింటి పొయ్యి తప్ప మరో మంట ఆమె ఎరగదు.

పుట్టింటికి పోయి నాయనను అడిగింది. ఉదయగిరి బయట ఆయనకు పాత చింతపండు షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. "పప్పయిపోయింది, ఇప్పుడు ఇనుము మీద పడినావా?" అన్నాడు ఆయన. షెడ్డు తాళం చెవి తీసిచ్చాడు.

ఆ తర్వాత మాధవ్‌ను వెంటబెట్టుకొని కొండలయ్య ఇంటికి పోయింది. అతను కుక్కిమంచం మీద కూర్చొని ఉన్నాడు. కూర్చోమనలేదు.

"నీ సాయం కావాల కొండలయ్యా. తీగ కాల్చే బట్టీ పెడతా ఉండాం."

"మీ పాపం కడుక్కోడానికి నేను నీళ్ళు పొయ్యాలనా?"

"నా పాపం నాకుండనీ. తీగ మెత్తబడిందో లేదో నాకు తెలీదు. కొక్కెం పట్టిన చెయ్యి నీది, నీకు తెలస్తది. నీకు జీతం ఉంటది."

కొండలయ్యను పనికి పిలిచేవాళ్ళు లేరని, ఒంటికన్నువాడు శ్లాబు మీద ఎక్కితే పడతాడని మేస్త్రీలు దూరం పెడుతున్నారని మాధవ్‌కు తెలుసు. చివరికి కొండలయ్యే అన్నాడు: "ఒక షరతు. నేను తిప్పి చూడంది ఒక్క చుట్ట బయటికి పోకూడదు. నేను కాదంటే నువ్వైనా, మీ బావైనా, దేవుడైనా పంపకూడదు."

"పంపను."

షెడ్డులో గొయ్యి తవ్వి, మంటకు ఆగే ఇటుక పేర్చి, చుట్టలు పట్టేంత ఇనుప పీపా దించారు. గాలి చొరబడకుండా మూత చుట్టూ బంకమట్టి మెత్తారు. ఉదయగిరి చుట్టుపక్కల సర్కారు తుమ్మకు కొరత లేదు. ఎండు కట్టె బండెడు, గోడౌనులోని చుట్టలు తెప్పించారు. వేడి చూసే మీటరు, దానికి తగిలించే కడ్డీ చాందిని చెప్పిన చోట మాధవ్ కొనుక్కొచ్చాడు.

మొదటిసారి మీటరు ఏడు వందలు చూపించగానే రేణుకాదేవి మంట తగ్గించేసింది. చల్లారాక తెరిస్తే చుట్టలు నిగనిగలాడుతున్నాయి. కొండలయ్య పై చుట్ట తిప్పాడు. తీగ నిలబడింది. మాధవ్ ముఖం వెలిగింది. కొండలయ్య అడుగున, నడిమధ్య ఉన్న చుట్ట లాగి తిప్పాడు. పుటుక్కుమంది.

"మీటరు కాడ ఏడు వందలు ఉండాది. నడిమధ్య లేదు," అన్నాడు.

రేణుకాదేవికి పంతం పెరిగింది. రెండోసారి ఎవరి మాటా వినలేదు. కట్టె మీద కట్టె తోయించింది. పీపా పొగాకు చుట్ట కొనలాగా ఎర్రబడి, ఆ పైన నారింజ రంగుకు తిరిగింది. మీటరు తొమ్మిది వందలు దాటింది. "చాలమ్మా," అని కొండలయ్య అన్నా ఆపలేదు. పైగా, చూడాలనే ఆత్రంతో పూర్తిగా చల్లారకముందే మూత ఎత్తించింది. గాలి తగిలిన చుట్టలు పెచ్చులు పెచ్చులుగా పొక్కిపోయాయి. ఒకదానికొకటి అతుక్కొని విడదీయడానికి వీల్లేకుండా పోయాయి. ఊడి వచ్చిన కాస్త తీగ వానపాములాగా మెత్తగా వేలాడింది. కొండలయ్య దాన్ని రెండు చేతులా పట్టి లాగితే చివికిన దారంలాగా విడిపోయింది.

సరిగ్గా ఆ సమయానికే పెంచలప్రసాద్ షెడ్డుకు వచ్చాడు. అతుక్కుపోయిన ముద్దను కాలితో తట్టి, "బాగా ఉడికింది," అన్నాడు. "ఇంగ చాలిద్దాం. ఇంటికి రా."

రేణుకాదేవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఓటమివి కావు, తన మీద తనకొచ్చిన కోపానివి. చెప్పిన మాట వినకపోవడం కోటేశ్వర్ పనే కాదు, తనూ చేసింది. కానీ బావగారి ముందు ముఖం తుడుచుకోలేదు. "రాను," అంది. "ఇంకా చుట్టలు ఉండాయి."

మూడోసారి మంట దగ్గర కొండలయ్య కూర్చున్నాడు. ఆమె మీటరు దగ్గర కూర్చుంది. చాందిని సెలవు పెట్టుకొని వచ్చింది. చుట్టల నడిమధ్యకు ఇంకో కడ్డీ దించారు. పైన ఏడు వందలు చేరాక మంటను పెంచకుండా, తగ్గనివ్వకుండా, కట్టె తర్వాత కట్టె అందిస్తూ నిలబెట్టారు. పొద్దు వాలేముందు నడిమధ్య మీటరు కూడా పైదాన్ని అందుకుంది. ఆ తర్వాత ఇంకాసేపు ఉంచి, నిప్పు లాగేసి, మూత మీద ఇసుక పోసి వదిలేశారు. మర్నాడంతా ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఒక్క రోజు రేణుకాదేవికి ఏ పనీ తోచలేదు.

మూత తీశాక కొండలయ్య పై చుట్ట వదిలేసి, ముందు అడుగున ఉన్న చుట్టలోనుంచే ముక్క తెంచాడు. కమ్మీలకు చుట్టి కొక్కెం తిప్పాడు. ఒక మెలిక. రెండు. మూడు. తీగ కమ్మీని కరుచుకొని ఒదిగిపోయింది. ఇంకా తిప్పాడు. గట్టిగా గుంజాడు. తెగలేదు. అతను కొక్కెం కింద పెట్టి, తీగ ముడి మీద వేలితో అటూ ఇటూ రాశాడు.

"ఇదమ్మా తీగంటే," అన్నాడు.

చాందిని ఆ ముక్కను మైక్రోస్కోపు కింద చూసి ఫోటో పంపించింది. పీచు లేదు. బియ్యపు నూకలు ఒత్తుగా పరిచినట్టు సన్నటి, గుండ్రటి రేణువులు. రేణుకాదేవి ఆ ఫోటో మాధవ్‌కు చూపించింది. అతనికి ఏమీ అర్థం కాలేదు గానీ, చాలాసేపు చూశాడు.

తీగ మెత్తబడింది గానీ మనుషులు మెత్తబడలేదు. "ఆడదాని బట్టీ తీగ, శ్లాబు కూలితే ఎవురు దిక్కు?" అని కోటేశ్వర్ మేస్త్రీల దగ్గర ప్రచారం చేశాడు. ఉదయగిరిలో కల్యాణమండపం కడుతున్న కాంట్రాక్టరు ఆమె తీగ తీసుకొని, ఆ మాట విని, చుట్టలు విప్పకుండానే తిప్పి పంపాడు. రేణుకాదేవి ఆటోలో ఆ చుట్టలతోపాటే ఎక్కి మండపం దగ్గరికి వెళ్ళింది.

"తిప్పి చూడకుండా ఎందుకు పంపినారు?"

"మాకెందుకమ్మా గొడవ? అందరూ వాడేదే మేమూ వాడతాం."

అక్కడ చట్రాలు కడుతున్నవాళ్ళంతా కొండలయ్యను ఎరిగినవాళ్ళే. వాళ్ళలో ఒకడు దిగి వచ్చి, ఆమె చుట్టలోంచి ఒక ముక్క, కాంట్రాక్టరు తీగలోంచి ఒక ముక్క తీసుకొని తిప్పాడు. ఏది తెగిందో అందరూ చూశారు. అతను కొక్కెం జేబులో పెట్టుకొని నీడలో కూర్చున్నాడు. మిగతావాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు దిగి వచ్చి కూర్చున్నారు.

"ఏందిరా ఇది?" అన్నాడు కాంట్రాక్టరు.

"కండ్లు మావి గదన్నా," అన్నాడు ఆ మనిషి. "ఆయమ్మ తీగ ఇస్తే కడతాం. లేకుంటే కొండలయ్య కన్ను తీసినోడినే పిలిచి కట్టించుకో."

మధ్యాహ్నానికి చుట్టలు పైకెక్కాయి.

ఆ మాట వింజమూరు దాకా, కలిగిరి దాకా పాకింది. కమ్మీ పనివాళ్ళు కొట్లలో "ఉదయగిరి తీగ" అని అడగడం మొదలుపెట్టారు. గిరాకీ తగ్గాక కోటేశ్వరే షెడ్డుకు వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"లాగిన తీగ నేను పంపిస్తా. నువ్వు కాల్చిపెట్టు. నా చీటీ మీద అమ్ముకుంటా. ఎవురికీ తెలియాల్సిన పనిలేదు."

"తెలియాల. నేను కాల్చిందాని మీద నా పేరే ఉంటది. ఇంకొక మాట. కొండలయ్య ఎదురుగా కూర్చోనుండాడు. నా కంటే ముందు ఆయనతో మాట్లాడు."

కోటేశ్వర్ కొండలయ్య వైపు చూశాడు. కొండలయ్య ఉన్న కన్నుతో అతని వైపు చూస్తూ కూర్చున్నాడు. కోటేశ్వర్ చూపు తిప్పుకున్నాడు. లేచి వెళ్ళిపోయాడు. ఆమె తీగ లాగే వేరే షెడ్డు వెతుక్కుంది.

పెంచలప్రసాద్ ఇప్పటికీ ఆ షెడ్డును "చింతపండు కొట్టం" అనే అంటాడు. అన్నదమ్ముల పొయ్యిలు వేరయ్యాయి. పండక్కి పిలిస్తే రేణుకాదేవి పోతుంది, పిలవకపోతే అడగదు. కొండలయ్యకు కన్ను రాలేదు. ఒక్కోనాడు ఆ కోపం పొంగి, ఏ కారణమూ లేకుండా ఆమెను నాలుగు మాటలంటాడు. ఆమె ఊరుకుంటుంది. అది తప్ప ఇంకెక్కడా ఊరుకోదు.

మొన్న వానల్లో కట్టె తడిసింది. మంట సరిగ్గా నిలవలేదు. ఆత్మకూరు నుంచి లారీ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. అవతల మర్నాడే శ్లాబు ముహూర్తం. కొండలయ్య అడుగు చుట్ట తిప్పాడు. మూడో మెలికకు తెగింది.

"మూడో మెలిక దాకా వచ్చింది గదమ్మా," అన్నాడు లారీతో వచ్చిన మేస్త్రీ. "రెండు చాలు మాకు. ఎక్కించండి."

మాధవ్ కూడా, "ఈ ఒక్కసారికి," అని నసిగాడు.

రేణుకాదేవి కొండలయ్య వైపు చూసింది. అతను అడ్డంగా తలాడించాడు. ఆమె చీర కొంగు నడుముకు దోపి, చుట్ట తనే ఎత్తి మళ్ళీ పీపాలోకి దించింది.

"ఎండు కట్టె తేండి," అంది. "లారీ ఎల్లుండి రావాల. ముహూర్తం కూడా ఆ తర్వాతే పెట్టుకోమను."